మన పొయ్యి, చైనా పొయ్యి



వంటచెరుకులో ప్రపంచంలో మొదటి స్థానం మన దేశానిదే. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కల్లో అది ఏటా సుమారు 30 కోట్ల ఘనపు మీటర్లు. ఏళ్లు గడిచినా ఆ అంకె పెద్దగా దిగలేదు. 2023 దాకా మనకంటే జనం ఎక్కువున్న చైనాలో మాత్రం తగ్గుతూ వచ్చి, మనదాంట్లో సగం దగ్గరికి చేరింది.

అక్కడ 1982 నుంచి పదేళ్లలో 12 కోట్లకు పైగా మెరుగైన పొయ్యిలు కట్టారు. తర్వాత బొగ్గు, గ్యాసు, కరెంటు. బొగ్గు పొగ మంచిదని మేం అనడం లేదు. మనమూ అదే రోజుల్లో పొగలేని పొయ్యిలు పంచాం. మన ఊళ్లో అవి పగిలాక బాగుచేసిన దిక్కు లేదు. 2016లో ఉజ్జ్వల బండ వచ్చింది. అది అయిపోతే నింపించడానికి కూలి డబ్బులు చాలక మళ్లీ సర్కారు తుమ్మ, పత్తికట్టె. ఆ మోపులు మోసేది మన ఆడవాళ్లే. సబ్సిడీ తర్వాతెప్పుడో బ్యాంకులో వేయడం కాదు, బండ దించేటప్పుడే ధరలో తగ్గించమని అడుగుదాం.