కంటికి కానరాని చక్రాలు



నేను మెట్రిక్ చదివిన రైల్వే గుమాస్తాను. చక్రాల నడుమ బ్రతికేవాణ్ణి గనుక చక్రం మాటే మనవి చేస్తాను.

మన శరీర కణాలలో మాంసకృత్తులతో, అనగా ప్రోటీనులతో, ఏర్పడిన చక్రయంత్రమొకటి ఉన్నది. దాని వెడల్పు మిల్లీమీటరులో లక్షో వంతు. చక్రం ఒక్కసారి తిరిగితే ఏ.టీ.పీ. అనే శక్తిపదార్థపు అణువులు మూడు తయారవుతాయి. ఆ పదార్థాన్ని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి కనుగొన్నవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నాడు.

ఇప్పుడు మనిషి తానే ఇట్టివి చేయబూనాడు. ప్రకృతిలో లేని ప్రోటీనులను రూపొందించిన డేవిడ్ బేకర్‌కు 2024లో నోబెల్ బహుమానంలో సగం దక్కింది. ఆయన విశ్వవిద్యాలయంలో రూపొందిన ప్రోటీను గోళికపై కట్టిన కోవిడ్ టీకాకు 2022లో దక్షిణ కొరియా అనుమతి ఇచ్చింది.

ఇక ఇంధనం సంగతి. హైడ్రోజనేజ్ అనే ప్రోటీను ఉదజని వాయువును పుట్టిస్తుంది. కాని ప్రాణవాయువు తగిలితే చాలా రకాలు చెడిపోతాయి. ఆ లోపం తీరితే పొగలేని ఇంధనం చేరువవుతుంది.

సుబ్బారావుగారు మనవలెనే ఊరు విడిచిపోయినవారు, తిరిగి రానేలేదు. ఈ సంగతులు తెలుగులో చెప్పకుంటే మన పిల్లలు సైన్సూ పరాయిదే, తెలుగూ పరాయిదే అనుకుంటారు. ఈ ఉగాదికి మన సంఘ గ్రంథాలయానికి తెలుగు సైన్సు పుస్తకాలు నాలుగైనా కొనవలసిందని నా ప్రార్థన.