బెల్టు బలం ఎంత?



మిలిటరీ వాహనాల్లో సరుకు కదలకుండా బిగించే బెల్టుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శిగారు. నేను ఇంజనీరును కాను. సర్వీసులో టెస్టు రిపోర్టులు ఫైలు చేసిన గుమాస్తాను. ఆ పరిచయంతోనే మాట్లాడుతున్నాను.

ఈ బెల్టులను పాలిస్టర్ లేదా నైలాన్ దారంతో నేస్తారు. లాబొరేటరీలో రెండు కొసలూ యంత్రానికి బిగించి, తెగేదాకా తిన్నగా లాగుతారు. తెగిన బరువులో మూడో వంతు మాత్రమే వాడకానికి లెక్క. 15,000 పౌండ్లకు తెగేదాని మీద 5,000 అని రాస్తారు. అంటే సుమారు 2,268 కిలోలు. కొక్కెం, రాట్చెట్, నేలలోని రింగు కూడా అంత బలంగానూ ఉండాలి. వీటిలో ఏది బలహీనమైతే అదే ముందు పోతుంది.

తిరకాసంతా తిన్నగా లాగడంలోనే ఉంది. లారీలో బెల్టు ఏటవాలుగా ఉంటుంది కదా! సరుకు జరిగే దిశకు 45 డిగ్రీల కోణంలో కడితే ఆ దిశలో దాదాపు 70 శాతమే పట్టు. 60 డిగ్రీలైతే సగమే. సడెన్ బ్రేకు వేస్తే సరుకు తన బరువులో 80 శాతం బలంతో ముందుకు తోస్తుందని యూరపు ప్రమాణాల లెక్క. పది టన్నుల సరుకైతే ఎనిమిది టన్నుల తోపు అన్నమాట. రిపోర్టులోని అంకెను బెల్టుల సంఖ్యతో గుణించి సరిపోయిందనుకుంటే ప్రమాదమే.

మిలిటరీ వాహనాన్నే సరుకుగా విమానంలో ఎక్కించినప్పుడు ఏమైందో చూడండి. 2013 ఏప్రిల్ 29న ఆఫ్ఘనిస్తాన్‌లోని బాగ్రాం నుంచి ఒక అమెరికన్ 747 సరుకు విమానం అయిదు కవచ వాహనాలతో దుబాయికి బయలుదేరింది. నేల విడిచిన కొద్ది క్షణాలకే ఒక వాహనం కట్లు వదిలించుకుని వెనక్కి జరిగి, తోక భాగంలోని హైడ్రాలిక్ గొట్టాలనూ, తోకరెక్కను తిప్పే యంత్రాన్నీ ధ్వంసం చేసింది. ముక్కు పైకి లేచిపోయి విమానం కూలింది. సిబ్బంది ఏడుగురూ పోయారు. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2015లో ఇచ్చిన నివేదిక, బిగించే పద్ధతే సరిపోలేదని తేల్చింది. తయారీదారులిచ్చిన ముఖ్యమైన సూచనలు ఆ సంస్థ మాన్యువల్‌లోకి ఎక్కనేలేదట. ఒక కాగితంలో ఉన్నది ఇంకో కాగితంలోకి దింపకపోవడం! గుమాస్తాగా పనిచేసినవాడిని, నాకు అది చదివి ఒళ్లు జలదరించింది.

ఒకసారి టెస్టు చేసిన బెల్టు అలాగే ఉండిపోదు. ఎండకు దారం నీరసిస్తుంది, ఇనుప అంచుకు కోసుకుపోతుంది, ముడి వేస్తే బలం బాగా తగ్గుతుంది. అందుకే వాడే ముందు ప్రతిసారీ కుట్లూ అంచులూ చూడాలి. లేబుల్ చెరిగిపోయినదాన్ని కూడా తీసేస్తారు. దాన్ని ఎంత బరువుకు వాడవచ్చో చెప్పే ఆధారం బెల్టు మీద అదొక్కటే.