తొలి పలుకు

పెండ్లిచూపులలో సంభాషణభారము పెద్దలది. అడుగువారు వారే, బదులిచ్చువారును వారే. 2012లో టిండర్ వెలువడినది. అట్టి పరిచయ యాప్‌లలో ఛాయాచిత్రము చూచి ఒకరినొకరు ఎన్నుకొనుట సులభమైనది. మొదటి మాట మాత్రము నేటికిని కష్టమే.

రేడియోలో మాటలాడుట వృత్తిగా గల నాకును ఒకప్పుడు పెండ్లిచూపులలో పది నిమిషముల ఏకాంతము దొరకినది. చదువు, ఉద్యోగము, అభిరుచులు వరుసగా అడిగితిని. ఆమె చిరునవ్వుతో, “మీరు నా జవాబులు వినుచున్నారా?” అనెను. ఆ సంబంధము కుదరలేదు. ఆ ప్రశ్న నన్ను విడువలేదు.

2017లో ప్రకటితమైన హార్వర్డ్ పరిశోధనలో, ఎదుటివారి సమాధానమును అందుకొని మరల ప్రశ్నించినవారికి రెండవ కలయిక లభించు అవకాశము హెచ్చుగా కనబడినది. కావున “హాయ్” అని వ్రాసి ఊరకుండరాదు. ఆమె అరకు ప్రయాణమును ప్రస్తావించినచో, “రైలులో సొరంగములు లెక్కపెట్టితిరా?” అని అడుగుడు. సౌందర్యప్రశంసకంటె ఇది మేలు.

తొలి కలయికకు సినిమా తగదు. రెండున్నర గంటలు ప్రక్కప్రక్కన మౌనముగా కూర్చుండవలసివచ్చును. పట్టపగలు, నలుగురు మెలగు ఇరానీ హోటలులో ఒక గంట చాలును. ఎవరి వాహనమున వారు రావలెను. ఎచ్చటికి పోవుచున్నదియు ఒక స్నేహితునికి తెలిపి ఉంచవలెను. లేచి వెళ్ళిపోవు స్వేచ్ఛ ఉన్నపుడే మనస్సు కుదుటపడి మాట సాగును.

మైక్రోఫోను ముందు నాకు శ్రోత కనబడడు. వినుచున్నాడని నమ్మి మాటలాడుదును. మీ ఎదుట మనిషి కూర్చుండియే ఉన్నది. ఆమె చెప్పునది వినుడు. అడుగవలసిన ప్రశ్న అందులోనే దొరకును.