వాల్వు వెచ్చదనము, అరచేతి పెట్టె

1978వ సంవత్సరమున గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవము జరిగినప్పుడు, పదేండ్లు నిండని బాలుడొకడు మాండలిన్ చేతబట్టి తన తొలి బహిరంగ కచేరి చేసెను. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ ఆ బాలుడు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు మాండలిన్ వాద్యకులు కారు. గురువు పాడుచుండగా శిష్యుడు ఆ సంగతిని తంత్రులపై వెదకి పలికించుకొనుచుండెడివాడు.

మాండలిన్‌పై మీటిన స్వరము పుట్టిన క్షణముననే చావనారంభించును. కర్ణాటక సంగీతమున గమకమునకు కావలసినది స్వరము యొక్క నిడివి. శ్రీనివాస్ ప్రసిద్ధికెక్కినది విద్యుత్ మాండలిన్‌తో; జంట తంత్రులు నాలుగుండు వాద్యమునకు బదులు ఒంటి తంత్రులు ఐదింటితో. తంత్రి కంపనమును విద్యుత్తుగా మార్చి యాంప్లిఫయరు దానిని పెంచినందున, వినబడకుండ పోవలసిన స్వరపు తోక కూడ మన చెవికి అందెను. అనగా ఆ వాద్యములో సగము మాత్రమే వాద్యకుని ఒడిలోనున్నది. తక్కిన సగము యాంప్లిఫయరులో ఉన్నది. విద్యుత్ గిటారుకును ఇదియే వర్తించును. ఈ రెండవ సగమును గురించియే మేము నేడు ముచ్చటింపదలచినాము.

పాత రేడియోను ఎరిగిన ఇండ్లవారికి వాల్వును వేరుగా పరిచయము చేయనక్కరలేదు. మీట త్రిప్పిన పిమ్మట పాట వినబడుటకు కొంతసేపు పట్టెడిది. ఈలోగా పెట్టె వెనుక గాజుబుడ్లు ఎర్రగా వెలిగి వెచ్చబడుచుండెడివి. 1904లో ఫ్లెమింగ్ రెండు ధ్రువముల వాల్వును, 1906లో లీ డి ఫారెస్టు దానికి మూడవదియగు జల్లెడను చేర్చిన వాల్వును సిద్ధము చేసిరి. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టెను. తరువాత రేడియో చిన్నదయ్యెను, మైకుసెట్టు తేలికయ్యెను, వాల్వు అటక ఎక్కెను. గిటారు వాయించువారు మాత్రము దానిని విడువలేదు. వారికొరకే ఇప్పటికిని రష్యా, స్లొవాకియా, చైనా దేశములలో ఈఎల్ 34, 6ఎల్ 6 వంటి వాల్వులు తయారగుచున్నవి.

ఇందులో మాకొక వింత తోచును. రేడియో స్టూడియోలో పనిచేయు మాబోంట్లకు యాంప్లిఫయరు ఉన్న ధ్వనిని ఉన్నట్లు పెంచవలెను. ఏమి కలిపినను దోషమే. గిటారు వాద్యకుడు కోరునది ఆ దోషమునే. శక్తికి మించి తరిమినప్పుడు ట్రాన్సిస్టరు ధ్వనితరంగము తలను కత్తితో నరికినట్లు నరుకును. వాల్వు దానిని మెల్లగా గుండ్రపరచును. 1973లో రస్సెల్ హామ్ అను ఇంజనీరు ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ఈ విషయమును పరిశీలించి, అతిభారము పడిన వాల్వునుండి రెండవ ఉపస్వరమును, ట్రాన్సిస్టరునుండి మూడవ ఉపస్వరమును ప్రబలముగా వెలువడునని చూపెను. ఆయన పరీక్షించినవి మైక్రోఫోను యాంప్లిఫయర్లు. గిటారుకు వాడు పెద్ద యాంప్లిఫయర్లలో చివరి వాల్వులు జంటగా ఎదురెదురు పనిచేయుటచే సరి ఉపస్వరములు చాలవరకు ఒకదానినొకటి చెరిపివేసికొనును. కనుక ఆ వ్యాసమొక్కటి చూపి కథ ముగిసెననువారితో మేము ఏకీభవింపము.

అసలు మర్మము స్పీకరు దగ్గర ఉన్నది. 8 ఓములని వ్రాసియున్న స్పీకరు అన్ని స్వరములకును 8 ఓములుగా ఉండదు. దాని కాగితపు శంకువు సహజముగా ఊగు మంద్రస్థానమున దాని అవరోధము అనేక రెట్లు పెరుగును. తారస్థానమున మరల పెరుగును. ట్రాన్సిస్టరు యాంప్లిఫయరు దీనిని లెక్కచేయదు, స్పీకరును గట్టిగా పట్టి ఉంచును. వాల్వు యాంప్లిఫయరు పట్టు సడలుగా ఉండును గనుక, ఆ రెండు చోట్లను ధ్వని పొంగును: క్రింద గుండెకు తగులు గుమ్మను మ్రోత, పైన మెరుపు. మరియొకటి, పెద్దగా మీటిన క్షణమున వాల్వులకు అందు విద్యుత్పీడనము కొంచెము కుంగి పిదప కోలుకొనును. రేవున కట్టిన పడవపై కాలు మోపినప్పుడు అది కొంత దిగి మరల పైకి వచ్చునే, అట్లే స్వరము మొదట అణగి తరువాత లేచును. వాద్యకులు చేతికి తగులునని చెప్పునది దీనినే. ఎదుట కూర్చున్నవారికి ఇది అంతగా తెలియదు. వాయించువాని వ్రేళ్ళకు తెలియును. తెలిసి, వాని వాయింపు మారును.

ఇంతటి సుఖమునకు మూల్యము బరువు. 85 వాట్ల ఫెండర్ ట్విన్ రివెర్బు అను ప్రసిద్ధమైన పెట్టె సుమారు 29 కిలోలు తూగును. దానిని బందరు బస్సెక్కించి, అవనిగడ్డలో దింపి, అక్కడనుండి ఆటోలో హంసలదీవి తిరునాళ్ళకు చేర్చువాడు పందిరిలో గిటారు పట్టునాటికి నడుము పట్టుకొనియుండును. అంతకంటె ముఖ్యమైనది ప్రాణభయము. ఆ పెట్టెలో 400 వోల్టులకు పైబడిన విద్యుత్తు ఉండును. మీట ఆర్పిన తరువాత కూడ కండెన్సర్లలో కొంతకాలము నిలిచియుండును. దివిసీమలో నేల తడి, గాలిలో ఉప్పు. సముద్రపు గాలికి వాల్వు కాళ్ళు పట్టు సాకెట్టు చిలుమెక్కును. ఎర్తు తీగ సరిగా లేని పందిరిలో ఒక చేత గిటారును, ఒక చేత మైకును తాకువాడు మృత్యువుతో చెలగాటమాడుచున్నవాడే. ఏ పెట్టె వాడినను ఎర్తు చూపించుకొనక వేదిక ఎక్కరాదు.

ఇప్పుడు వచ్చిన అరచేతి పెట్టెలు కాలితో నొక్కు పెడల్‌ల ప్రక్కననే బల్లపై ఇమిడిపోవును. ఎలక్ట్రో హార్మోనిక్స్ వారి 44 మాగ్నమ్ 44 వాట్లది. సేమర్ డంకన్ వారి పవర్‌స్టేజ్ 170 నాలుగు ఓముల స్పీకరునకు 170 వాట్ల నందించును. ఇట్టివానిలో పెక్కింటిలో ట్రాన్సిస్టరు ధ్వనిని నేరుగా మోయదు. సెకనుకు కొన్ని లక్షలసార్లు వెలిగి ఆరు మీటవలె పనిచేయును. వెలిగియుండు కాలపు హెచ్చుతగ్గులలో ధ్వని దాగియుండును. చివరనున్న వడపోత దానిని విడదీయును. తీసికొన్న విద్యుత్తులో నూటికి ఎనుబది పాళ్ళకు పైగా స్పీకరునకు చేరును గనుక వేడి స్వల్పము. ఇనుప ట్రాన్స్‌ఫార్మరు దిమ్మెతో పనిలేదు.

మరి వాల్వు గుణమెక్కడిది? కొన్నిట ముందుభాగమున మెల్లగా గుండ్రపరచు వలయమును పెట్టుదురు. కొన్ని యాంప్లిఫయర్లలో స్పీకరుతో వరుసగా చిన్న నిరోధమునుంచి, పారుచున్న విద్యుత్తును కొలిచి వెనుకకు పంపుదురు. దానిచే పట్టు సడలి స్పీకరు తన ఇష్టమువచ్చినట్లు పొంగగలుగును. ఇది వేషము కాదు, నిజముగా అదే భౌతిక కారణమును వేరొక దారిన కల్పించుట. కుంగి లేచు గుణమును మాత్రము అనుకరించుట కష్టము; అక్కడ ఇవి ఇంకను వెనుకబడియున్నవని మా అభిప్రాయము.

బందరు ప్రక్కనున్న చిలకలపూడి గిల్టు నగలు దేశమెల్ల ఎరిగినవే. గిల్టు నగ చూచువారికి బంగారమే, ధరించువారికి మాత్రము నిజము తెలియును. ఈ పెట్టెల సంగతియు అంతే. మోపిదేవి తిరునాళ్ళలో ఆర్కెస్ట్రా వినువాడు, బందరు చర్చిలో కీర్తన వినువాడు తేడాను పట్టజాలరు. ఎందుచేతననగా వారి చెవికి చేరునది పెద్ద మైకుసెట్టు స్పీకర్ల మ్రోత. కచేరులకు తిరుగువారికి చిన్నపెట్టెయే మేలని మేము నిస్సంకోచముగా చెప్పుదుము. ఇంట సాధన చేయువానికి ఐదు వాట్ల చిన్న వాల్వు యాంప్లిఫయరు దొరికినచో దానిని విడువవద్దనియు చెప్పుదుము; వ్రేళ్ళు నేర్చుకొనునది అక్కడనే. వాట్లను చూచి మోసపోరాదు. శక్తి సగమైనచో ధ్వని తగ్గునది మూడు డెసిబెల్‌లు మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించుటకు పదిరెట్ల శక్తి కావలెను.

కొనువారికి రెండు మూడు మాటలు. పెట్టె ఒక్కటి కొన్నంత మాత్రమున చాలదు. పది లేక పండ్రెండు అంగుళముల గిటారు స్పీకరు కావలెను. ఆ స్పీకరు ఐదు వేల ఆవృత్తులకు పైబడిన కీచుధ్వనిని తానే అణచును. మామూలు మైకుసెట్టు స్పీకరు అణచదు, కనుక చెవులు చిల్లులు పడును. వాల్వు యాంప్లిఫయరును స్పీకరు తగిలింపక నడిపినచో దాని ట్రాన్స్‌ఫార్మరు మాడవచ్చును. చిన్నపెట్టెలలో పెక్కింటికి ఆ భయము లేదుగాని, వ్రాసియున్న ఓములకంటె తక్కువ స్పీకరును తగిలింపరాదు. ఈ పెట్టెలలో అనేకములకు స్పీకరు తీగలు రెండును ఎర్తుకు చెందనివి. వానిని మరియొక యాంప్లిఫయరునకు గాని మిక్సరునకు గాని కలుపరాదు. గిటారుకు వాడు సన్నని కవచపు తీగను స్పీకరునకు వాడక, గుడివాడలోనైనను బందరులోనైనను కరెంటు సామాను దుకాణమున దొరకు రెండు పోగుల లావు రాగివైరును కొని రెండు చివరలను గట్టిగా టంకము పెట్టించుకొనవలెను.