కంపవాతము – సైకిలు యాత్ర



అమెరికాలో అయోవా అను రాష్ట్రము కలదు. అది మొక్కజొన్న విస్తారముగ పండు సీమ. దానికి పడమట మిస్సోరీ నది, తూర్పున మిసిసిపీ నది. 1973 మొదలు, ఒక్క 2020 తప్ప, ఏటేట జూలై మాసమున వేలకొలది జనులు ఆ నదినుండి ఈ నదివఱకు వారము దినములు సైకిళ్లపై యాత్ర చేయుచున్నారు. బయలుదేరునపుడు వెనుక చక్రమును మిస్సోరీ నీట ముంచి, చేరిన పిమ్మట ముందు చక్రమును మిసిసిపీ నీట ముంచుట వారి యాచారము. గోదావరికి పోయి కాళ్లు తడుపుకొనక మరలిరాని మనకు ఇది వింత కాదు.

2003లో ఈ యాత్రకు జే ఆల్బర్ట్స్ అను నాడీశాస్త్రజ్ఞుడు, పార్కిన్సన్ వ్యాధిగల యొక స్త్రీతో గూడి, జంటసైకిలుపై వెళ్లెను. ఆ బండికి సీట్లు రెండు, పెడళ్లు రెండు జతలు, గొలుసుల బంధమొక్కటి. ముందువా డెంత వేగముగ త్రొక్కిన వెనుకవారి కాళ్లును అంత వేగముగ తిరుగక తప్పదు. వ్యాధినిగూర్చి పదిమందికి తెలుపుటయే వారి యుద్దేశము. కాని యాత్రలో ఆమె చేవ్రాత బాగుపడినట్లు కనబడెను!

చేవ్రాతకును ఈ వ్యాధికిని సంబంధమేమందురేమో. 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగులను గమనించి దీనిని వర్ణించెను. మన వైద్యులు కంపవాతమందురు. మెదడు అడుగున నల్లని చిన్న తావు ఒకటి కలదు. అచ్చటి కణములు డోపమీన్ అను ద్రవ్యమును తయారుచేయును. ఆ కణములు నశించినకొలది చలనము మందగించును. ఊరకున్నపుడు చేయి మాత్ర చుట్టుచున్నట్లు వణకును, అవయవములు బిగియును, అడుగు చిన్నదగును, ముఖమున కళ తగ్గును. పెక్కుమందికి ఏండ్లముందే వాసన తెలియకపోవును. ఇది అంటువ్యాధి కాదు, ఎవరి శాపమును గాదు.

కరణీకము చేసిన మా మేనమామగారి అక్షరములు ముత్యములు. కొన్నాళ్లకు పంక్తి మొదట ముత్యము, చివర ఆవగింజ యయ్యెను. కాగితము పొదుపు చేయుచున్నారని ఊరివారు నవ్విరి. వారు చేతిని ఉత్తరీయము క్రింద దాచుకొని, క్రమముగ రచ్చబండకు వచ్చుటయే మానిరి. వైద్యుని చూచునప్పటికి నాలుగేండ్లు గడచినవి. ముసలితనమని మేమందఱము సరిపెట్టుకొంటిమి. కాని టూర్ డి ఫ్రాన్స్ పందెమున రెండు దినములు గెలిచిన డేవిస్ ఫినీకి నలువదేండ్లకే ఇది సంక్రమించెను.

మీ చేలగట్లపై నుండు దూలగొండి తీగ మీరెఱిగినదే. 1937లో మదరాసున దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు దాని గింజలనుండి లీవోడోపాను వేఱుచేసిరి. అది మెదడు చేరి డోపమీనుగ మారును. 1961లో వియన్నా వైద్యులు రోగుల కిచ్చి చూచిరి. నేటికిని ముఖ్యౌషధ మిదియే. అట్లని గింజలు నూరి త్రాగరాదు. ఏ గింజలో ఎంత మందున్నదో తెలియదు. మోతాదు మించిన వాంతులు, భ్రమలు కలుగును. వైద్యుడిచ్చిన మందును ఒక్కసారిగ మానుటయు ప్రమాదమే. పప్పు, పాలు, మాంసములతో తీసికొన్నచో కొందఱికి సరిగ పట్టదు గాన, భోజనమునకు అరగంట ముందు వేసికొనుమందురు.

ఆల్బర్ట్స్ పిమ్మట పదిమంది రోగులను ఎనిమిది వారములు పరీక్షించి, తమంతట త్రొక్కినవారికంటె, ఒకరి సహాయముతో అధికవేగమున త్రొక్కినవారికి చలనమున 35 శాతము మేలు కనబడెనని 2009లో ప్రకటించెను. పదిమంది యనగా చాల తక్కువ. దీనిని రోగనివారణ యని నేను చెప్పజాలను. వ్యాయామము చలనమునకు తోడ్పడునని మాత్రము వైద్యు లంగీకరింతురు.

2010లో నెదర్లాండ్సు వైద్యులు ప్రకటించిన సంగతి మఱింత విచిత్రము. 58 ఏండ్ల రోగి నాలుగడుగులు వేయలేక పడిపోవుచుండెను. సైకి లెక్కింపగా చక్కగ త్రొక్కి, మలుపు తిరిగి వచ్చెను. దిగిన తోడనే కాళ్లు మరల నేల కంటుకొన్నవి.

తూలు పడువారు బాటపై సైకిలు త్రొక్కరాదు. కదలక నిలిచియుండు వ్యాయామపు సైకిలు దొరకినచో, ముందుగ గుండె పరీక్ష చేయించి, ప్రక్కన మనిషి యుండగ త్రొక్కవచ్చును.

ఈ సాయంకాలము తీరికగ పది పంక్తులు వ్రాసి, పదేండ్లనాటి మీ వ్రాతతో పోల్చి చూడుడు. పంక్తి చివరకు అక్షరములు చిక్కుచున్నచో, ఆ రెండు కాగితములను వెంటగొని నాడీవైద్యునికడకు పొండు.