జానెడు మట్టి

 

మన మూడు జిల్లాలు 2016లో ఏర్పడ్డాయి. మట్టి గీసుకున్న హద్దులు మాత్రం ఎప్పటివో. కృష్ణా, తుంగభద్రల నడుమ నడిగడ్డలో, అలంపూర్ దిక్కు నల్లరేగడి కనబడుతుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు వస్తే ఎర్ర చల్క, దుబ్బ. మన్ననూరు దాటి నల్లమల ఎక్కితే రాతి పలకల మీద పలుచని మట్టి, దాని మీద ఆకుల పొర.

ఎందుకీ తేడా? చల్క గ్రానైట్ లాంటి రాళ్ల నుంచి పుట్టింది. ఆ రాయి ఎండకు, వానకు వేల ఏళ్లు అరిగి మట్టయింది. అందులోని ఇనుము తుప్పు పట్టినందుకే ఆ ఎరుపు. ఇసుక పాలు ఎక్కువ కాబట్టి నీళ్లు తొందరగా కిందికి దిగిపోతాయి. రేగడిలో బంకమన్ను ఎక్కువ. దాని రేణువు మిల్లీమీటరులో 500వ వంతు కన్నా సన్నం. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, పదును మాత్రం చాలా రోజులు పట్టి ఉంచుతుంది. అందుకే రేగడిలో పత్తి, శనగ. చల్కలో పల్లి, ఆముదం, కంది.

వాతావరణం కూడా మట్టిని మారుస్తుంది. వానలు దంచికొట్టే కేరళలో సారం కొట్టుకుపోయి, ఇనుము మిగిలిన జేగురు నేలలు ఏర్పడ్డాయి. చలి ఎక్కువుండే ఉక్రెయిన్ గడ్డి మైదానాల్లో ఆకు అలము మెల్లగా కుళ్లి, లోతైన నల్లమట్టి అయింది. మన ఎండలకు వేసిన పెంట కూడా తొందరగా హరించుకుపోతుంది.

బావి తవ్వేటప్పుడు చూసే ఉంటారు. పైన జానెడు సారమున్న మట్టి, కింద బిగుసుకున్న ఎర్రమన్ను, దాని కింద మొరం, ఆఖరికి బండ. పంటకు బలమిచ్చేది ముఖ్యంగా ఆ పై జానెడే.

మా ఇంట్లో ఆ జానెడే అమ్ముకున్నాం. అక్క పెళ్లి అప్పు తీర్చడానికి నాయన చల్క మీది మట్టిని ట్రాక్టర్లకు ఎత్తించాడు. "కింద ఉన్నది కూడా మట్టే కదా" అన్నాడు. మరుసటి ఏడు పల్లి వేస్తే గట్టి నేలలోకి ఊడలు దిగలేదు. రెండేళ్లు హైదరాబాద్‌లో కూలికి పోయాం. తిరిగొచ్చి చెరువు మట్టి తోలి, గొర్రెల మంద పెట్టించి, వాలుకు అడ్డంగా కట్టలు వేశాం. చేను ఇంకా పూర్తిగా కోలుకోలేదు. పోయిన మట్టి మళ్లీ తయారు కావడానికి వందల ఏళ్లు పడుతుంది.

ఇంటికి పోయాక ఒక పని చేయండి. సీసాలో మూడో వంతు మీ చేని మట్టి వేసి, నీళ్లు నింపి, బాగా ఊపి పెట్టండి. ముందు ఇసుక దిగుతుంది, కొన్ని గంటలకు ఒండ్రు, ఒకరోజు దాటాక బంక. మీ నేల ఏమిటో పొరలే చెప్తాయి. ఆ సీసా పట్టుకుని అవ్వ దగ్గరికి పోయి, ఈ మట్టిని మన మాటలో ఏమంటారో అడిగి రాసుకోండి.

ఎవరైనా ట్రాక్టర్ తెచ్చి పైమట్టికి ధర చెప్తే మాత్రం, మా నాయన అన్న మాట మీరు అనకండి.