సెలవు దినములలో ఏకాంతపు విడిది



అమెరికాలో సెప్టెంబరు మొదటి సోమవారము శ్రామిక దినోత్సవము. శని, ఆదివారములతో కలిసి మూడు దినముల విరామము. వసతులున్న విడిదులన్నియు కిక్కిరిసిపోవును. నిశ్శబ్దము కోరువారికి జాతీయారణ్యములలో, కుళాయి, మరుగుదొడ్డి లేని చోట్ల, గుడారము వేసికొన పలు తావుల అనుమతి గలదు. రుసుము సాధారణముగా లేదు. గడువు పెక్కుచోట్ల 14 దినములు.

అట్టి చోటు దొరకవలెనన్న గురువారమే బయలుదేరవలెను (గుమాస్తాకు సెలవు చీటీ తప్పదు!). పేరుమోసిన సరస్సును విడిచి, అటవీశాఖవారి పటములో మోటారుకు అనుమతించిన మట్టిబాటలను వెదకి, ప్రొద్దుండగనే చేరవలెను. పూర్వమెవరో దిగిన గట్టినేలయే మేలు. నీటికి 200 అడుగుల ఎడము మంచిది.

నిప్పు సంగతి వేరు. వేసవి చివర అడవి ఎండియుండును. 2013 ఆగస్టులో కాలిఫోర్నియాలో నిషిద్ధమైన ఒక చలిమంట చేయిదాటి 2,50,000 ఎకరములకు పైగా దహించెనని అటవీశాఖ తేల్చినది. నీరు పోసి, కలియద్రిప్పి, బూడిద చేతికి చల్లగా తగులువరకు అచటినుండి కదలరాదు.